ప్రాణవాయువు ఎక్కువైతే ఫిట్స్ ఎందుకు వస్తాయి?

షుగరు పుండు మానక బాధపడేవారికి పెద్ద నగరాల ఆసుపత్రుల్లో ‘హైపర్‌బేరిక్ ఆక్సిజన్’ అనే చికిత్స ఇస్తున్నారని మన పాఠకుల్లో చాలామంది వినే ఉంటారు. రోగిని ఒక గట్టి గదిలోనో, గాజు గొట్టం లాంటి పెట్టెలోనో ఉంచి, తలుపు బిగించి, లోపల ఒత్తిడి పెంచి, స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. ఒక్కో సిటింగు గంటన్నర నుండి రెండు గంటలు. వారానికి ఐదారు రోజుల చొప్పున కొన్ని వారాలు వెళ్ళవలసి ఉంటుంది. మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. అందులో చెవి నొప్పి, చూపు మసక మొదలైనవాటితో పాటు ‘అరుదుగా ఫిట్స్ రావచ్చు’ అని ఒక మాట ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి చాలామంది కలం కింద పెట్టేస్తారు.

అలా పెట్టేయడం సహజమే. ఫిట్స్ అనే మాటంటే మన ఇళ్ళల్లో అంత భయం. “మనం పీల్చే గాలిలో ఉండేదే కదా, అది ఎక్కువైతే ఫిట్స్ ఎలా వస్తాయి సిస్టరుగారూ?” అని ఒకరు, “ఒకసారి వస్తే ఇక ఆయనకి మూర్ఛరోగం ఉన్నట్టేనా అమ్మా?” అని మరొకరు అడుగుతారు. రెండూ మంచి ప్రశ్నలే. వీటికి సరైన జవాబు తెలియక కొందరు అవసరమైన చికిత్స మధ్యలో మానేస్తారు, కాలికి ఉన్న ఒక అవకాశం పోతుంది. ఇంకొందరు ‘ఉట్టి ఆక్సిజనే కదా, ఏమవుతుంది’ అనుకుని అవసరం లేకపోయినా అప్పుచేసి వెళ్తారు. అందుకే ఈ సంచికలో ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాము.

ఒక పాస్టరుగారి అనుమానం

ఆక్సిజన్‌ను మొట్టమొదట వేరుచేసి చూసినవారిలో ఒకరు జోసెఫ్ ప్రీస్ట్‌లీ. ఆయన ఇంగ్లండులో సంఘకాపరి. 1774 ఆగస్టు 1న పాదరసపు ఎర్ర భస్మం మీదికి పెద్ద భూతద్దంతో ఎండను పట్టి వేడిచేశారు. దానిలోనుండి వచ్చిన వాయువులో కొవ్వొత్తి ధగధగా మండింది. మరుసటి సంవత్సరం ఆ వాయువులో ఎలుకను ఉంచి చూశారు, తానూ పీల్చి చూశారు. రొమ్ము తేలికపడినట్టు అనిపించిందట. అయినా ఆయనకు ఒక అనుమానం పట్టుకుంది. కొవ్వొత్తి ఇందులో త్వరత్వరగా కరిగిపోయినట్టు మనిషి కూడా త్వరగా కరిగిపోతాడేమో! రోగికి మందుగా బాగుండవచ్చు గాని, ఆరోగ్యంగా ఉన్నవారికి ఇది తగదేమో అని ఆయన రాసిపెట్టారు. ఏ పరికరమూ సరిగా లేని రోజుల్లో ఆయన చేసిన ఈ ఆలోచన సరైనదేనని వంద సంవత్సరాల తరువాత తేలింది.

తేల్చినవారు ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త పాల్ బేర్. గాలి ఒత్తిడి గురించి 1878లో ఆయన ప్రచురించిన పెద్ద గ్రంథంలో, ఎక్కువ ఒత్తిడి గల ఆక్సిజన్‌లో ఉంచిన చిన్న పక్షులు కొట్టుకుని, బిగుసుకుని, ఫిట్స్ వచ్చి పడిపోవడం వర్ణించారు. అందులో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ హాని చేసేది ఒత్తిడి కాదు, ఆక్సిజనే. మామూలు గాలిని చాలా ఎక్కువ ఒత్తిడికి నొక్కినా, స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను అంతకన్నా తక్కువ ఒత్తిడిలో ఇచ్చినా, ఆక్సిజన్ వాటా ఒక స్థాయి దాటగానే ఫలితం ఒకటే. ఈ రకం ఫిట్స్‌కు ఈనాటికీ వైద్య పుస్తకాల్లో ఆయన పేరే ఉంది.

45 అడుగుల నీటి కింద

ఒత్తిడి అంటే ఏమిటో కొంచెం చెప్పుకుందాం. మన తల మీద ఉన్న గాలి అంతా కలిసి మన మీద వేసే బరువును ఒక అట్మాస్ఫియర్ అంటారు. నీళ్ళలో 10 మీటర్లు దిగితే ఇంకొక అట్మాస్ఫియర్ కలుస్తుంది. ఆక్సిజన్ గదిలో సాధారణంగా 2 నుండి 2.5 అట్మాస్ఫియర్ల వరకు పెంచుతారు. 2.4 అంటే సుమారు 45 అడుగుల నీటి కింద ఉన్నట్టు. తడవకుండా ఒక లోతైన బావి అడుగున కూర్చున్నట్టు అనుకోండి. చెవులు దిబ్బడ వేసేది అందుకే.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. ఆ గదిలో 2.4 అట్మాస్ఫియర్ల దగ్గర స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే ఊపిరితిత్తులకు చేరే ఆక్సిజన్ ఒత్తిడి మామూలుకన్నా దాదాపు 11 రెట్లు.

ఇంత ఎందుకు? మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది ఎర్ర కణాల్లోని హీమోగ్లోబిన్. మామూలుగానే అది దాదాపు నిండి ఉంటుంది. నిండిన బిందెలో ఇంకా నీళ్ళు పట్టవు కదా. కాని ఒత్తిడి పెంచితే ఆక్సిజన్ రక్తపు నీటిభాగంలోనే కరుగుతుంది, సోడాలో గ్యాసు కరిగినట్టు. మామూలుగా 100 మిల్లీలీటర్ల రక్తంలో అలా కరిగి ఉండేది 0.3 మిల్లీలీటరే. 3 అట్మాస్ఫియర్ల దగ్గర అది సుమారు 6 మిల్లీలీటర్లు అవుతుంది. విశ్రాంతిగా ఉన్న శరీరానికి దాదాపు అంతే చాలు. హాలెండు దేశపు సర్జను బూరెమా 1960లో పందిపిల్లల రక్తంలోని ఎర్ర కణాలను దాదాపు పూర్తిగా తీసివేసి, 3 అట్మాస్ఫియర్ల ఆక్సిజన్‌లో వాటిని బ్రతికించి చూపించారు. రక్తనాళాలు సన్నబడి, ఎర్ర కణాలు సరిగా చేరలేని పాదపు పుండుకు ఈ చికిత్స ఉపయోగపడవచ్చని డాక్టర్లు ఆశించేది ఇందువల్లనే.

అయితే ఆ రక్తమే మెదడుకూ వెళ్తుంది. చిక్కు అక్కడ వస్తుంది.

మెదడులో బ్రేకు, యాక్సిలరేటరు

మెదడులోని కణాలు ఒకదానితో ఒకటి రసాయనాల ద్వారా మాట్లాడుకుంటాయి. వాటిలో ఇక్కడ మనకు కావలసినవి రెండు. ఒకటి గ్లుటమేట్. అది ‘పద, పద’ అని కణాన్ని రెచ్చగొడుతుంది. రెండవది గాబా. అది ‘ఆగు’ అంటుంది. ఘాటు రోడ్డు మీద దిగే లారీకి యాక్సిలరేటరు ఎంత అవసరమో బ్రేకు అంతకన్నా అవసరం. ఈ రెంటికీ పొత్తు కుదిరినంతకాలం మనం నడుస్తాం, మాట్లాడతాం, నిద్రపోతాం. బ్రేకు పట్టు తప్పి, లక్షల కణాలు ఒకేసారి, ఒకే తాళంలో రెచ్చిపోతే దానినే ఫిట్ అంటాము.

దేవుడు చేసిన ఏర్పాటులో ఒక విచిత్రం చూడండి. బ్రేకుగా పనిచేసే గాబా, యాక్సిలరేటరుగా పనిచేసే గ్లుటమేట్ నుండే తయారవుతుంది. ఒక ఎంజైము గ్లుటమేట్‌లోనుండి చిన్న ముక్క తీసివేసి గాబాగా మారుస్తుంది. ఈ ఎంజైముకు సహాయంగా బి6 విటమిన్ కావాలి. గాబా మెదడులో ఉందని 1950లో అమెరికాలో యూజీన్ రాబర్ట్స్ బృందం చూపించింది. తరువాత 1960లలో కెనడా శాస్త్రవేత్త జె.డి. ఉడ్, ఆయన సహచరులు జంతువులను ఎక్కువ ఒత్తిడి ఆక్సిజన్‌లో ఉంచి మెదడును పరీక్షిస్తే, గాబా తగ్గిపోయి కనిపించింది. గాబా ఎక్కువగా తగ్గే జంతువులకే ఫిట్స్ సులువుగా వచ్చాయి. అంటే ఆక్సిజన్ మితిమీరినప్పుడు ఆ ఎంజైము పని మందగించి, బ్రేకు ద్రవం తయారీ తగ్గుతుందన్నమాట.

ఈ సంగతి మిషను ఆసుపత్రుల్లో క్షయకు మందులు వాడినవారికి కొత్త కాదు, పేరు తెలియకపోయినా. క్షయకు 1952 నుండి వాడుకలో ఉన్న ఐసోనియాజిడ్ మాత్ర బి6 విటమిన్ పనికి అడ్డుపడుతుంది. అందుకే చాలామందికి దానితో పాటు పైరిడాక్సిన్ అనే చిన్న మాత్ర కూడా ఇస్తారు. ఆ పైరిడాక్సినే బి6. ఎవరైనా పొరపాటున ఐసోనియాజిడ్ మాత్రలు గుప్పెడు మింగితే ఆగని ఫిట్స్ వస్తాయి. దానికి విరుగుడు ఇంజెక్షనుగా ఇచ్చే బి6. రెండు చోట్లా తగ్గేది గాబాయే. (అలాగని ఆక్సిజన్ గదికి వెళ్ళేముందు ఎవరికి వారు బి6 మాత్రలు మింగడం మొదలుపెట్టకండి. అక్కడ వాడే జాగ్రత్తలు వేరు, కింద చెప్తాము.)

గాబా కథతో అంతా అయిపోలేదు. ఆక్సిజన్ ఎక్కువైన చోట దానిలో కొంత భాగం చురుకైన, కణాలను కొరికే రూపాలుగా మారుతుంది. వీటిని ఫ్రీ రాడికల్స్ అంటారు. ఎక్స్-రే కిరణాలు శరీరాన్ని పాడుచేసే దారీ, ఆక్సిజన్ పాడుచేసే దారీ ఒకటేనని 1954లో అర్జెంటీనా దేశపు రెబెకా గెర్ష్‌మన్ చెప్పారు. మామూలు మోతాదులో వీటిని అణచడానికి శరీరంలో ఏర్పాటు ఉంది. మోతాదు మించితే ఆ ఏర్పాటు చాలదు.

మెదడు మాత్రం ఊరికే చేతులు కట్టుకుని కూర్చోదు. ఆక్సిజన్ ఎక్కువగా వస్తోందని తెలియగానే మెదడు రక్తనాళాలు కుంచించుకుంటాయి, ఎండ ఎక్కువైతే మనం తలుపు ఓరగా వేసుకున్నట్టు. రక్తనాళాలను తెరిచి ఉంచే వాయువు ఒకటి శరీరంలోనే తయారవుతుంది, పేరు నైట్రిక్ ఆక్సైడ్. దీని పనిని కనుగొన్న ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆక్సిజన్ నుండి పుట్టిన ఫ్రీ రాడికల్స్ మొదట్లో ఈ నైట్రిక్ ఆక్సైడ్‌ను తినేస్తాయి, నాళాలు ముడుచుకుంటాయి, మెదడుకు కొంత కాపుదల దొరుకుతుంది. కాని ఎక్కువసేపు అలాగే ఉంచితే నైట్రిక్ ఆక్సైడ్ మళ్ళీ పెరిగి, ఓరగా వేసిన తలుపు బార్లా తెరుచుకుంటుంది. రక్తం ఒక్కసారిగా మెదడులోకి ఎక్కువగా వస్తుంది, దానితో ఆక్సిజనూ వస్తుంది. జంతువుల మీద చేసిన పరిశోధనల్లో ఫిట్ వచ్చేముందు ఈ మార్పు కనిపించింది.

ఇక్కడే ఇంకొక దొంగ ఉన్నాడు, బొగ్గుపులుసు వాయువు. మనం బయటికి వదలవలసిన ఈ వాయువు రక్తంలో పేరుకుంటే అది కూడా మెదడు రక్తనాళాలను తెరుస్తుంది. అంటే కాపుదలగా వేసిన తలుపును వెనుకనుండి తీసిపెడుతుంది. ఊపిరి బిగబట్టేవారికి, ఉబ్బసం ముదిరి గాలి సరిగా వదలలేనివారికి, శ్వాసను మందగించే గట్టి నొప్పిమందులు వాడేవారికి ఆక్సిజన్ ఫిట్ సులువుగా రావడానికి కారణం ఇది. గదిలో ‘మామూలుగా ఊపిరి తీసుకోండి, బిగబట్టకండి’ అని మాటిమాటికీ చెప్పేది ఇందుకే.

తన వెన్నెముకనే పణంగా పెట్టినాయన

ఇవన్నీ మనుషులకు వర్తిస్తాయని ఎలా తెలిసింది? కొందరు తమ మీదే ప్రయోగం చేసుకున్నారు. వారిలో ఒకరికి మన కాకినాడతో సంబంధం ఉంది.

1939 జూన్ 1న ఇంగ్లండులో లివర్‌పూల్ దగ్గర సముద్రంలో ‘థీటిస్’ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకోవడం వల్ల ఊపిరాడక పోయారు. ఆ విచారణలో కార్మిక సంఘాల తరఫున పనిచేసిన శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. మునిగిన జలాంతర్గామి నుండి మనుషులు బ్రతికి బయటపడడం ఎలాగో తెలుసుకోవడానికి ఆయన, హెలెన్ స్పర్వే, మరికొందరు సహచరులు ఉక్కు గదిలో కూర్చుని ఎక్కువ ఒత్తిడిలో రకరకాల వాయువులు పీల్చారు. అలాంటి ఒక ఆక్సిజన్ ప్రయోగంలో హాల్డేన్‌కు ఫిట్ వచ్చి, కండరాలు బిగుసుకున్న బలానికి వెన్నుపూసలు నలిగిపోయాయి. ఆ నొప్పి ఆయనను చాలాకాలం వదలలేదు.

ఆయనే 1957లో మన దేశానికి వచ్చి, మొదట కలకత్తాలో, తరువాత భువనేశ్వర్‌లో పనిచేశారు. భారత పౌరుడయ్యారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయారు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువుకు కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇవ్వాలని విల్లు రాశారు. హాల్డేన్ దేవుణ్ణి నమ్మినవాడు కాదు. అయినా ముక్కూ ముఖం తెలియని నావికుల కోసం తన శరీరాన్ని అంత శ్రమపెట్టినవాడిని ఈ పత్రికలో తలచుకోవడానికి మాకు అభ్యంతరం కనబడలేదు.

రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళంలో ఆక్సిజన్ పీలుస్తూ నీటిలో ఈదే డైవర్లకు ఫిట్స్ వస్తుంటే, కెన్నెత్ డొనాల్డ్ అనే డాక్టరు స్వచ్ఛందంగా వచ్చిన డైవర్లను ట్యాంకులో, పొడి గదిలో పరీక్షించారు. ఆయన 1947లో ప్రచురించిన ఫలితాలు ఈనాటికీ పనికొస్తున్నాయి. ఒకటి, ఒక మనిషికి వచ్చినంత త్వరగా మరొకరికి రాదు. రెండు, ఆ మనిషికే ఈ రోజు తట్టుకున్నది రేపు తట్టుకోలేకపోవచ్చు. మూడు, పొడి గదిలో కన్నా నీటిలో, కష్టపడి పనిచేస్తున్నప్పుడు చాలా త్వరగా వస్తుంది. ఆ డైవర్లు ఈ ఫిట్‌కు ఒక పేరు పెట్టుకున్నారు, ‘ఆక్సిజన్ పీట్’ అని. ట్యాంకు అడుగున పొంచి ఉండి పట్టుకునే ఒక భూతం పేరు అది, వేళాకోళానికి పెట్టుకున్నది. ఫిట్ అనగానే దెయ్యం గుర్తుకు రావడం మన పల్లెల్లోనే కాదు, ఇంగ్లండు నావికుల్లోనూ ఉందన్నమాట. మన తెలుగు బైబిలులో మత్తయి సువార్త 17వ అధ్యాయంలో ఉన్న ‘చాంద్రరోగి’ అనే పాతమాట కూడా, చంద్రుని వల్ల మూర్ఛ వస్తుందని పూర్వకాలపు మనుషులు అనుకున్నందునే పుట్టింది.

డొనాల్డ్ చెప్పిన మూడవ సంగతి రోగులకు ధైర్యం ఇచ్చేది. ఆసుపత్రి గది పొడి గది. రోగి కదలకుండా కూర్చునో, పడుకునో ఉంటాడు. అందుకే అక్కడ ఫిట్స్ అరుదు, వేల సిటింగులకు ఒకసారి అన్నంత అరుదు.

గదిలో ఫిట్ వస్తే ఏమి చేస్తారు

రాకుండా చేసే మొదటి జాగ్రత్త చాలా సులువైనది. ఆక్సిజన్ 20 నుండి 30 నిమిషాలు ఇచ్చి, మధ్యలో 5 నిమిషాలు మామూలు గాలి ఇస్తారు. ఆ కాస్త విరామంలో మెదడు కొంత కోలుకుంటుంది. “డబ్బు కట్టింది ఆక్సిజన్‌కి కదండీ, మధ్యలో ఈ గాలి ఎందుకు? మాస్కు తియ్యను” అని మొండికేసేవారు ఉంటారు. దయచేసి అలా చేయకండి. ఆ 5 నిమిషాలు కూడా చికిత్సలో భాగమే.

ఫిట్ వచ్చేముందు కొందరికి సూచనలు కనబడతాయి. పెదవి గాని, బుగ్గ గాని అదరడం, చూపు సొరంగంలోనుండి చూసినట్టు ఇరుకు కావడం, చెవుల్లో మోత, వికారం, తల తిరగడం, కారణం లేకుండా చిరాకు లేక కంగారు. వీటిలో ఏది అనిపించినా వెంటనే చెయ్యి ఎత్తి చెప్పాలి. ‘సిస్టరుగారు ఏమనుకుంటారో’ అని ఊరుకోకూడదు. కొందరికి మాత్రం ఏ సూచనా లేకుండానే నేరుగా ఫిట్ వస్తుంది.

వస్తే మొదట చేసే పని ఆక్సిజన్ ఆపడం. మాస్కు తీసి మామూలు గాలి ఇస్తారు. రోగికి దెబ్బ తగలకుండా చూస్తారు. ఫిట్ సాధారణంగా నిమిషం, రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. కిటికీలోనుండి చూస్తున్న బంధువులు ‘తలుపు తియ్యండి, బయటికి తీసుకురండి’ అని అరుస్తారు. ఆ సమయంలో తలుపు తీయకూడదు, ఒత్తిడి కూడా తగ్గించకూడదు. శరీరం బిగుసుకున్నప్పుడు గొంతు మూసుకుపోయి ఊపిరితిత్తుల్లో గాలి బందీ అయి ఉంటుంది. అప్పుడు బయట ఒత్తిడి తగ్గిస్తే ఆ గాలి ఉబ్బి ఊపిరితిత్తిని చీలుస్తుంది. అందుకని శ్వాస మామూలుగా ఆడేవరకు ఆగి, తరువాత నెమ్మదిగా తగ్గిస్తారు. ఆ రెండు మూడు నిమిషాలు బయట నిలబడినవారికి ఎంత కష్టమో మాకు తెలుసు. సిబ్బంది చేస్తున్నది సరైన పనే అని నమ్మి ఆగండి.

తాళాల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం, ఇవి ఏ ఫిట్‌కూ పనికిరావు. చెంచా వల్ల పళ్ళు విరుగుతాయి. ఇంట్లో ఎవరికైనా ఫిట్ వచ్చినా పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర బట్ట వదులు చేసి, దగ్గర ఉండండి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి తీసుకురండి.

ఇప్పుడు రెండవ ప్రశ్న. ఆక్సిజన్ వల్ల ఒకసారి ఫిట్ వచ్చినంత మాత్రాన ఆ మనిషికి మూర్ఛరోగం ఉన్నట్టు కాదు. బ్రేకు ద్రవం తగ్గినందున వచ్చిన ఫిట్ అది. ఆక్సిజన్ ఆపితే గాబా మళ్ళీ తయారవుతుంది. ఈ ఒక్క కారణంతో సంవత్సరాల తరబడి ఫిట్స్ మాత్రలు వాడనవసరం లేదు. చాలామందికి, డాక్టరు చూసి ఒత్తిడి కొంచెం తగ్గించి, గాలి విరామాలు పెంచి, మిగిలిన సిటింగులు పూర్తి చేస్తారు. కాబట్టి ‘ఫిట్ వచ్చింది, ఇక వద్దు’ అని మీకు మీరే నిర్ణయించి ఇంటికి తీసుకుపోకండి. డాక్టరుతో కూర్చుని మాట్లాడండి.

షుగరు రోగుల విషయంలో ఒక హెచ్చరిక. గదిలో ఉన్నప్పుడు రక్తంలో షుగరు తగ్గే అవకాశం ఉంది. షుగరు బాగా పడిపోయినా ఫిట్ వస్తుంది, చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే లోపలికి పంపేముందు వేలు గుచ్చి పరీక్ష చేస్తారు. ఉదయం ఇన్సులిన్ వేసుకుని, ‘వచ్చాక తిందాం’ అని ఖాళీ కడుపుతో వెళ్ళడం ప్రమాదం. ఉపవాస ప్రార్థనలో ఉన్నవారు ఆ సంగతి దాచకుండా నర్సుకు చెప్పాలి.

మామూలు ఆక్సిజన్ సంగతి

ఇది చదివి వార్డులో పెట్టే మాస్కు ఆక్సిజన్‌కు భయపడవద్దు. 2021లో కోవిడ్ రెండవ విడతలో సిలిండరు కోసం మన కుటుంబాలు పడిన పాట్లు ఎవరూ మరచిపోలేదు. మామూలు ఒత్తిడిలో ఇచ్చే ఆక్సిజన్, సిలిండరుదైనా కాన్సెంట్రేటరుదైనా, ఈ రకం ఫిట్స్ తెప్పించదు. అందుకు ఒత్తిడి పెరగాలి.

కాని అది కూడా మోతాదు ఉన్న మందే. ఎక్కువ శాతం ఆక్సిజన్ రోజుల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు వాస్తాయని 1899లోనే లోరేన్ స్మిత్ చూపించారు. నెలలు నిండని శిశువులకు అదుపు లేకుండా ఇస్తే కళ్ళు పాడవుతాయి. పొగ తాగి ఊపిరితిత్తులు చెడిన పెద్దవారికి మితిమీరి ఇస్తే బొగ్గుపులుసు వాయువు పేరుకుని మగత కమ్ముతుంది. రాత్రిపూట నర్సు అటు వెళ్ళగానే ‘నాన్నగారికి ఇంకొంచెం బలం వస్తుంది’ అని రెగ్యులేటరు తిప్పేవారు ఉన్నారు. ప్రేమతో చేసే పనే, కాని చేయకూడనిది.

ఎవరు వెళ్ళాలి, ఎవరికి వద్దు

సముద్రపు లోతునుండి త్వరగా పైకి వచ్చి జబ్బుపడిన డైవర్లకు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ విషం ఎక్కినవారికి, గ్యాసు గాంగ్రీనుకు, క్యాన్సరుకు రేడియేషన్ తీసుకున్నాక మానని గాయాలకు ఈ చికిత్స వాడుకలో ఉంది. షుగరు పుండ్లలో మాత్రం అందరికీ కాదు. లోతుగా వెళ్ళి, మామూలు చికిత్సకు లొంగని కొన్నింటికి మాత్రమే. షుగరు అదుపు, డ్రెస్సింగు, పాదం మీద బరువు పడకుండా చూడడం, అవసరమైతే రక్తనాళానికి ఆపరేషను, ఇవన్నీ చేస్తూ దానికి తోడుగా ఇచ్చేదే గాని, వీటికి బదులు కాదు.

ఇక బిడ్డ నడవడం లేదని, మాట్లాడడం లేదని బాధపడే తల్లిదండ్రులకు ఈ గదుల గురించి ప్రకటనలు ఆశ పుట్టిస్తున్నాయి. పుట్టుకతో మెదడు దెబ్బతిన్న 111 మంది పిల్లల మీద కెనడాలో చేసిన పరీక్ష ఫలితాలు 2001లో ప్రచురించారు. ఆక్సిజన్ ఇచ్చిన పిల్లలకూ, కొద్దిగా ఒత్తిడి పెంచిన మామూలు గాలి ఇచ్చిన పిల్లలకూ తేడా కనబడలేదు. ఆటిజం వంటి వాటికి ఇది నయం చేస్తుందని నమ్మవద్దని అమెరికా ఔషధ శాఖ 2013లో హెచ్చరించింది. 2025 జనవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఇటువంటి పెట్టెలో మంటలు లేచి 5 సంవత్సరాల బాలుడు చనిపోయాడు. పొలం కుదువపెట్టి తెచ్చిన డబ్బు ఈ ప్రకటనలకు పెట్టేముందు ఒకసారి మన ఆసుపత్రి పిల్లల డాక్టరును అడగండి. అడిగినందుకు ఫీజు పోయినా నష్టం చిన్నదే.

వెళ్ళవలసి వచ్చినవారు డాక్టరుకు తప్పక చెప్పవలసిన సంగతులు: చిన్నప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, ఫిట్స్ మాత్రలు వాడుతూ మానేశారా, ఊపిరితిత్తి చుట్టూ ఎప్పుడైనా గాలి చేరిందా, ట్రమడాల్ వంటి నొప్పిమాత్రలు వాడుతున్నారా, తాగుడు ఈమధ్యనే మానారా. ఆ రోజు జ్వరంగా ఉంటే సిటింగు వాయిదా వేయమని అడగండి, జ్వరంలో ఫిట్ సులువుగా వస్తుంది. జలుబుతో చెవులు మూసుకుపోయినా చెప్పండి.

తలకు కొబ్బరినూనె రాసుకుని వెళ్ళవద్దు, ఆక్సిజన్‌లో నూనె ఇట్టే అంటుకుంటుంది. వాళ్ళు ఇచ్చే నూలు బట్టలే కట్టుకోవాలి. అగ్గిపెట్టె, సెల్‌ఫోను, జేబులో పెట్టుకునే ఏ వస్తువైనా బయట మీవాళ్ళ చేతికి ఇచ్చి వెళ్ళండి. మన ఆసుపత్రిలో ఈ గది లేదు. డాక్టరు చీటీ రాసి పంపినప్పుడు పాత డ్రెస్సింగు కార్డు, వాడుతున్న మాత్రల పట్టీ వెంట తీసుకువెళ్ళండి. మాత్రల పేర్లు తెలియకపోతే ఖాళీ పట్టీలే సంచిలో వేసుకోండి, వాళ్ళు చూసి రాసుకుంటారు.